దిక్చుక్క

మస్తాన్ వలీ గారు పోయారన్న కబురు హైమవతికి రైల్లో తెలిసింది. పెడన నుంచి విజయవాడ వెళ్లే ప్యాసింజరు గుడివాడ స్టేషన్లో ఆగి ఉంది. రోజూ లాగే ఫోన్లో "గూటి దారి" గ్రూపు తెరిచింది. అందులో పొద్దున్నే మొదటి పలకరింపు ఎప్పుడూ ఆయనదే. నెల్లూరు ఆకాశం ఫొటో ఒకటి, దాని కింద గాలి ఎటు వీస్తోందో ఒక మాట. ఆ రోజు కూడా ఆయన పేరు మీదే సందేశం వచ్చింది, కానీ ఫొటో లేదు.

"నేను నసీమాని, డాక్టర్ మస్తాన్ వలీ గారి కూతుర్ని. నాన్న రాత్రి గుండెపోటుతో పోయారు. ఈ ఫోన్లో ఆయన ఎక్కువగా మాట్లాడింది మీ అందరితోనే. అందుకని ముందు మీకే చెబుతున్నాను."

హైమవతి ఫోను ఒళ్లో బోర్లించి కిటికీ వైపు తిరిగింది. పక్కన కూర్చున్న పెద్దావిడ ఆమె ముఖం చూసి, "ఏమ్మా, సొంతవాళ్లా?" అని అడిగింది.

"స్నేహితుడండీ."

"బాగా దగ్గరివాడా?"

"ఎప్పుడూ చూడలేదు" అంది హైమవతి. అనేశాక ఆ మాట ఎంత వింతగా ఉందో తనకే తెలిసింది. ఆవిడ మంచినీళ్ల సీసా అందించింది.

నిజమే, ఆరేళ్ల స్నేహంలో ఇద్దరూ ఒక్కసారీ ఎదురుపడలేదు. మస్తాన్ వలీ నెల్లూరులో పళ్ల డాక్టరు. కింద ఆసుపత్రి, మేడ మీద పావురాల గూళ్లు. పేషెంటు చిగురుకి మత్తుసూది వేసి, అది ఎక్కేలోపు మేడెక్కి ఆకాశం చూసొచ్చేవారని ఊళ్లో చెప్పుకునేవారు. "గూటి దారి" పందెం పావురాలు పెంచేవాళ్ల గ్రూపు. పావురాల్ని బుట్టల్లో పెట్టి ఎంతో దూరం తీసుకెళ్లి వదిలితే, ఏ గూటివి ఆ గూటికి ఎగిరొస్తాయి. గూటి దూరాన్ని బట్టి లెక్కేస్తే ఎక్కువ వేగంగా వచ్చిన పావురానిది గెలుపు. శ్రీకాకుళం నుంచి తిరుపతి దాకా మూడు వేలమంది ఉన్న ఆ గ్రూపులో ఎవరి పావురానికి రెక్క దెబ్బతిన్నా, ఏ పందెంలో తగాదా వచ్చినా మస్తాన్ వలీ గొంతు వినిపించేదాకా ఎవరికీ ఊరట ఉండేది కాదు. ఆయనకి టైపు చెయ్యడం చిరాకు. అన్నీ వాయిస్ మెసేజీలే.

హైమవతి ఆ గ్రూపులో చేరింది సరదా కోసం కాదు. పక్షులు దారి ఎలా కనుక్కుంటాయన్నది ఆమె పరిశోధన. అందరూ గెలుపోటముల గురించి మాట్లాడుకుంటుంటే ఆమె మధ్యలో దూరి, మబ్బు పట్టిన రోజున మీ పావురాలు ఎంత ఆలస్యంగా చేరాయి, ఎటువైపు నుంచి వచ్చాయి అని అడిగేది. కొందరు విసుక్కున్నారు. మస్తాన్ వలీ మాత్రం ఆ రోజే జవాబు పంపించారు.

"హైమమ్మా, నువ్వడిగింది మంచి మాట. నాకు తెలిసి పావురం దారిని గుర్తు పెట్టుకోదు. చూస్తాది. మనకి కనపడంది ఏందో దానికి కనపడతా ఉండాది. అదేందో నువ్వు కనిపెట్టావా, నీ పళ్లు బతికినన్నాళ్లు ఉచితంగా చూస్తా."

ఆమె కనిపెట్టింది. పక్షి కంటి వెనక పొరలో ఒక ప్రోటీను భూమి అయస్కాంత శక్తిని పట్టుకుని నీడలాగా చూపిస్తుంది. ఆ ప్రోటీనును ప్రయోగశాలలో తయారుచేసి కంటి చుక్కల మందుగా మార్చడానికి ఆమెకి నాలుగేళ్లు పట్టింది. కిటికీల్లేని గుండ్రటి గదిలో, ఎటు తిరిగినా ఒకేలా కనిపించే గోడల మధ్య, మందు వేసిన కోతి తిన్నగా ఉత్తరం వైపు నడిచి అక్కడి మూత తీసి అరటిపండు అందుకున్న రోజున హైమవతి ఆ వీడియో ముందు ఆయనకే పంపింది. ఆ మందుకి "దిక్చుక్క" అని పేరు పెట్టింది కూడా ఆయనే.

దాని ఖరీదు తర్వాత బయటపడింది. ఆ చూపు సాయంత్రానికల్లా పోతోంది. కానీ ఆ ప్రోటీను వెళ్లి కూర్చునేది కంట్లో ఎరుపును పట్టే కణాల్లో. ఒక్కసారి వేసినా ఆ కణాలు మళ్లీ కోలుకోవడం లేదు. మందు వేసిన కోతులు పచ్చటి ఆకుల మధ్య ఎర్రటి పండును గుర్తుపట్టలేక తడుముకుంటున్నాయి. పరిశోధన కేంద్రంలోని నైతిక సంఘం చాలాకాలం తర్జనభర్జన పడి, అన్నీ తెలిసి ఒప్పుకున్న ఒక్క మనిషికి మాత్రం వెయ్యవచ్చని అనుమతిచ్చింది.

ఆ ఒక్క మనిషీ తానేనని మస్తాన్ వలీ సంతకం చేసి పంపారు. "నలభై ఏళ్లు జనాల నోళ్లలో ఎరుపు చూశానమ్మా, ఇంక చాలు" అన్నారు. ఆయనకి చూడాల్సింది వేరే ఉంది. కందుకూరు దాటాక సముద్రం వైపు ఉన్న నల్లగట్టు అనే ఇనపరాతి గుట్ట. ఉత్తరాన చీరాల నుంచి వదిలిన పావురాలు ఆ గుట్ట దగ్గరికి రాగానే గిరగిరా తిరిగి, చెల్లాచెదురై, సముద్రం మీదికి పోయేవి. అలా పోయినవి మళ్లీ వచ్చేవి కావు. ఒక ఏడాది సగానికి సగం పోయాక ఉత్తరపు పందేలు ఆపేశారు. పరికరాలతో కొలిస్తే అంకెలు కొంచెం అటూ ఇటూ ఉన్నాయే తప్ప, అక్కడ పావురం కంటికి ఏం కనిపిస్తోందో అవి చెప్పలేకపోయాయి. "ఆడ నిలబడి నా కళ్లతో చూడాల" అని మస్తాన్ వలీ ఎప్పుడూ అనేవారు. ప్రయోగానికి రోజు ఖాయం చేసుకుంటున్న సమయంలోనే ఆయన వెళ్లిపోయారు.

ఆ రోజంతా గ్రూపులో ఎవరూ సంతాపాలు రాయలేదు. కావలిలో మైకుసెట్లు అద్దెకిచ్చే పెంచలయ్య, ఎప్పుడో తనకి మస్తాన్ వలీ పంపిన మెసేజీ ఒకటి పెట్టాడు. "ఒరే పెంచలా, దానికి పెట్టాల్సింది మందు కాదు, నిద్ర. ఆ మైకు కట్టెయ్" అని ఉంది అందులో. అది విని ఇంకొకరు తమది పెట్టారు. తర్వాత ఇంకొకరు. పావురానికి జ్వరమొస్తే చెప్పిన చిట్కాలు, ఓడిపోయినవాడికి చెప్పిన ఓదార్పులు, మధ్యలో వేళాకోళాలు, ఒకరి కూతురి పెళ్లికి ఇచ్చిన దీవెన. హైమవతి ప్రయోగశాలలో ఒక మూల కూర్చుని అన్నీ విన్నది. పోయిన మనిషి మూడు వేల ఇళ్లలో ఒకేసారి మాట్లాడుతున్నాడు. నెల్లూరులో నసీమా కూడా వింటోందని అందరికీ తెలుసు.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనలు అయ్యాక పెంచలయ్య గ్రూపులో ఒక మాట అన్నాడు. "డాక్టరు గారి పేరు మీద పందెం పెడదాం. ఎక్కడెక్కడో కాదు, చీరాల నుంచి నెల్లూరు వైపు, నల్లగట్టు మీదుగానే. ఆయన పావురాలు కూడా ఎగరాల."

మర్నాడు నసీమా హైమవతికి ఫోను చేసింది. తండ్రిలాగే తానూ పళ్ల డాక్టరు. గొంతు అలసిపోయి ఉంది.

"మేడమ్, నాన్న ఫోన్లో మీ పేరు అన్నిటికన్నా పైన ఉంది. అందుకే మీకు చేస్తున్నా. వాళ్లకి మీరన్నా చెప్పండి. పావురాల్ని చెన్నై వాళ్లెవరో అడిగారు, ఇచ్చేద్దామనుకుంటున్నా. నల్లగట్టు మీదికి మాత్రం ఒక్కదాన్ని కూడా పంపను. నాన్న పోయాడు. ఆయన పెంచినవి కూడా సముద్రంలో పడి చస్తే నేను తట్టుకోలేను."

"నువ్వు అన్నది న్యాయమేనమ్మా."

"అసలు ఆయన మాతో కంటే మీతోనే ఎక్కువ మాట్లాడేవాడు. నాకు కోపంగా కూడా ఉండేది. ఇప్పుడు ఆ మెసేజీలన్నీ వింటుంటే, మా నాన్న మాకు తెలియకుండా ఇంత పెద్ద ఇల్లు ఎక్కడ కట్టుకున్నాడా అనిపించింది."

"నసీమా, ఆ మందు నేను వేసుకుంటాను" అంది హైమవతి. ఆ ఆలోచన ఎప్పటి నుంచి లోపల ఉందో ఆమెకే తెలియదు. "ఒక్కరికని ఇచ్చిన అనుమతి అలాగే ఉంది. పావురాల కంటికి అక్కడ ఏం కనపడుతోందో చూస్తాను. అది తెలిస్తే సరిచెయ్యొచ్చు. సరికాకపోతే బుట్టలు తెరవం."

"పోయిన మనిషి కోసం మీ కళ్లెందుకు పాడుచేసుకుంటారు?"

"ఆయన కోసం కొంత. నాకు చూడాలనుంది, అది ఎక్కువ."

"ఈ మాట ఆయన కూడా అచ్చం ఇలాగే అనేవాడు" అని నసీమా ఫోను పెట్టేసింది.

ఇంట్లో చెప్పడం అంతకన్నా కష్టమైంది. హైమవతి భర్త చక్రధర్‌ది పెడనలో కలంకారీ అద్దకం. వాళ్ల వీధిలో ఎరుపు వెయ్యడంలో అతనికి పేరుంది. ఆ ఆదివారం అతను కాలవ గట్టున రాగి కాగు దగ్గర నిలబడి, కట్టెతో గుడ్డలు తిప్పుతూ ఆమె చెప్పిందంతా విన్నాడు.

"నేను జీవితమంతా చేసేదే ఎరుపు. నువ్వు అదే కనపడకుండా చేసుకుంటానంటున్నావు."

"అవును."

"ఇంకెవరూ లేరా?"

"ఉంటారు. ఇంకొకరికి నా చేత్తో ఎలా వెయ్యను? దాని సంగతి నాకంత బాగా తెలిసీ."

"మరి ఆ డాక్టరు గారికి వేసేదానివేగా?"

చక్రధర్ కట్టె పక్కన పడేసి షెడ్డులోకి వెళ్లిపోయాడు. రెండు రోజులు అవసరమైన మాటలు తప్ప మాట్లాడలేదు. మూడో రోజు ఆమె రైలుకి బయల్దేరుతుంటే, "ఇవాళ సెలవు పెట్టు" అన్నాడు.

కాలవ గట్టుకి తీసుకెళ్లాడు. కాగులో నీళ్లు మరుగుతున్నాయి. పటిక అద్దిన గుడ్డ తీసి ఆమె చేతికిచ్చాడు. పాలిపోయిన గోధుమరంగులో, పువ్వులూ తీగలూ పట్టి చూస్తేగాని కనిపించడం లేదు. "నువ్వే వెయ్యి" అన్నాడు. జాజి ఆకుతో కాగుతున్న రంగునీళ్లలో ఆమె గుడ్డ ముంచి, కట్టెతో తిప్పింది. తిప్పేకొద్దీ ఎక్కడెక్కడ పటిక పడిందో అక్కడల్లా ఎరుపు పూసింది. ముందు గులాబీ, తర్వాత దానిమ్మ గింజ, ఆ తర్వాత ఇటుక. బయటికి తీసి కాలవలో జాడించి గట్టు మీద పరిచారు. ఆ వెనకే ఇంకొకటి, ఇంకొకటి. పొద్దుగూకేవరకూ అతను తనకి తెలిసిన ఎరుపులన్నీ వేసి చూపించాడు. ఏది పెళ్లిచీరకి, ఏది దుప్పటికి, ఏది తన తాత మాత్రమే వెయ్యగలిగాడో చెప్పాడు. గట్టు పొడుగునా ఎరుపు పరుచుకుంది. హైమవతి ఒక్కొక్క గుడ్డ దగ్గరా ఆగి, వంగి, కళ్ల నిండా చూసుకుంది.

"తర్వాత నీకు ఎలా కనపడతాయి?" అని అడిగాడు చక్రధర్.

"మట్టిరంగులో అనుకుంటా."

"సరే. ఏది ఎరుపో నేను చెబుతాలే" అన్నాడు. అని తల పక్కకి తిప్పుకున్నాడు.

పందెం రోజు తెల్లవారేసరికి నల్లగట్టు చుట్టుపక్కల ఊళ్లన్నీ "గూటి దారి" మనుషులతో నిండిపోయాయి. ఇన్నేళ్లూ ఫోన్లో పేర్లుగానే ఉన్నవాళ్లు ఒకరినొకరు గొంతు విని గుర్తుపట్టుకుంటున్నారు. హైమవతి చెప్పినట్టుగా ప్రతివాళ్లూ వెదురుతో మనిషెత్తు చట్రం కట్టి, దాని చుట్టూ రాగితీగ చుట్టి తెచ్చారు. తీగలో కరెంటు పారితే ఆ చుట్టే చిన్న అయస్కాంతమవుతుంది. కరెంటు పెంచీ తగ్గించీ, చట్రం తిప్పీ గుట్ట చేసే తప్పును కొట్టెయ్యాలని ఆలోచన. ఎంత తిప్పాలో, ఎంత పెంచాలో చెప్పగలిగేది ఆ తప్పును చూడగలిగిన కళ్లు మాత్రమే. మేడల మీద, నీళ్లట్యాంకుల మీద, మామిడితోటల్లో చట్రాలు లేచాయి. బ్యాటరీలన్నీ పెంచలయ్య మైకుసెట్ల దుకాణంవే.

గుట్ట కింద జీపులో కంటి డాక్టరు వనజాక్షి హైమవతి కళ్లు పరీక్షించింది. చివరిసారిగా, "మనసు మార్చుకుంటే ఇప్పుడు కూడా తప్పులేదు" అంది. హైమవతి తల వెనక్కి వాల్చింది. రెండు కళ్లలోనూ చుక్కలు పడ్డాయి. కారం పడ్డట్టు మండింది. చక్రధర్ ఆమె చెయ్యి పట్టుకుని పక్కనే కూర్చున్నాడు.

మంట తగ్గి కళ్లు తెరిచేసరికి ముందు ఏమీ తేడా తెలియలేదు. తర్వాత ఆకాశం మీద ఏదో ఉందనిపించింది. పలకను తడిచేత్తో తుడిస్తే ఉండిపోయే చారలాంటి నీడ. రెప్పలు ఆర్పినా పోలేదు. తల తిప్పితే తనతో పాటు కదల్లేదు. ఉత్తరం నుంచి దక్షిణానికి, నింగి ఈ చివర నుంచి ఆ చివరకి, అది అక్కడే ఉంది. పుట్టినప్పటి నుంచీ ఆమె నెత్తి మీదే ఉంది. మనిషనేవాడు నేల మీద నడవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ఎవరూ చూడలేదు, అంతే.

"హైమా?" అన్నాడు చక్రధర్ గాభరాగా. ఆమె బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి.

"మందు వల్ల కాదు" అని నవ్వింది. "దారి కనపడుతోంది."

తర్వాత గుట్ట వైపు తిరిగి చూసింది. ఆ నీడచార గుట్ట పైకి రాగానే చీలిపోతోంది. ఒక పాయ తిన్నగా దక్షిణానికి పోతోంది, కానీ పలచగా. రెండోది చిక్కగా, స్పష్టంగా, కొడవలిలా వంగి సముద్రం వైపు పోతోంది. పావురం పొరపాటేమీ పడలేదు. ఏది బాగా కనిపిస్తే దాన్నే పట్టుకుని నమ్మకంగా ఎగిరింది. ఇన్నేళ్లూ వాటికి మతి పోయిందని అందరూ అనుకున్నారు.

పెంచలయ్య గ్రూపు కాల్ కలిపి, ఫోను స్పీకరు పెట్టి ఆమె మాటలు గట్టిగా అందరికీ అందించాడు. ఒక్కొక్క చట్రానికే కరెంటు ఎక్కింది. "ట్యాంకు మీదివాళ్లు కొంచెం తూర్పుకి తిప్పండి. ఇంకొంచెం. ఆగండి. మామిడితోట వాళ్లు తగ్గించండి." ఒక్కో చట్రానికీ దొంగ పాయ కొంచెం కొంచెంగా పలచబడుతూ వచ్చింది. కానీ ఎండ ఎక్కుతోంది. చీరాల నుంచి ఫోను వచ్చింది. బుట్టల్లో పావురాలు నోళ్లు తెరిచి ఎగపోస్తున్నాయి, వదలడమా మానడమా చెప్పండి అని. ఇంకా ఆలస్యమైతే ఈ రోజుకి మానుకోవాల్సిందే. ఆ కళ్లకి మందు రెండోసారి వెయ్యడానికి లేదని వనజాక్షి ముందే చెప్పింది.

దారి సరిపడితేనే వదలాలన్న షరతు మీద తండ్రి పావురాల్ని చీరాల పంపిన నసీమా, నెల్లూరు మేడ మీద నుంచి వింటూనే ఉంది. "మేడమ్, ఆ తప్పుదారి పోయిందా?"

"ఇంకా పూర్తిగా పోలేదు. గుట్ట నెత్తిన కొంచెం మిగిలింది."

"అవి అక్కడికి రావడానికి గంటకి పైగా పడుతుంది. ఆ లోపల చెరపగలరా?"

హైమవతి గుట్ట వైపు చూసింది. ఔనని చెప్పడానికి ఆమె చేతిలో ఏ రుజువూ లేదు. "పైన ఒక చట్రం పెడితే చెరపగలననుకుంటున్నాను. ఒట్టు వెయ్యలేను. నాకు కనపడుతోంది, అంతవరకే చెప్పగలను."

"కనపడుతోంది కదా. వదలమనండి" అంది నసీమా.

చీరాల ఇసుకలో బుట్టల మూతలు తెరుచుకున్నాయి. రెండొందల పైచిలుకు పావురాలు ఒక్కసారి లేచిన చప్పుడు అన్ని ఫోన్లలోనూ వినిపించింది.

నల్లగట్టుకి దారి లేదు. పెంచలయ్య బ్యాటరీ భుజాన వేసుకున్నాడు. చక్రధర్ చట్రం నెత్తిన పెట్టుకున్నాడు. హైమవతి ముందు నడిచింది. సర్రున జారే నల్లరాళ్లు, మధ్యలో ముళ్లకంపలు. సగం దూరం వెళ్లాక పెంచలయ్య కూలబడి, "డాక్టరు గారూ, నా వల్ల కాదు సామీ" అన్నాడు. ఎవరిని పిలిచాడో గుర్తొచ్చి అతనే గతుక్కుమన్నాడు. బ్యాటరీ మళ్లీ ఎత్తుకున్నాడు. హైమవతి ఒక చెయ్యి దాని కింద వేసింది.

పైకి చేరేసరికి ఆమె మోకాళ్లు చెక్కుకుపోయాయి. కారుతున్నది నెత్తురని తడి తగిలితేగాని తెలియలేదు. నల్లటి నీళ్లలా ఉంది. ఒక్క క్షణం దాని వంక చూసింది. తర్వాత తల ఎత్తింది. దొంగపాయ సరిగ్గా ఇక్కడే పుడుతోంది, చెయ్యి చాస్తే అందేటట్టు. చక్రధర్ చట్రం నిలబెట్టి రెండు చేతులా పట్టుకున్నాడు. పెంచలయ్య తీగలు తగిలించాడు.

"కుడికి. కాదు, వెనక్కి. పెంచలయ్యా, పెంచు. ఇంకా పెంచు."

"కాలిపోతాది మేడమ్!"

"కొంచెమే!"

రాగితీగ వేడెక్కి వెదురు వాసన వేసింది. చక్రధర్ అరచేతులు కమిలాయి, అయినా వదల్లేదు. చూస్తుండగానే కొడవలి మొన విరిగింది. నడుము కరిగింది. గాలికి చెదిరిన పొగలా ఆ వంకరదారి మాయమై, రెండు పాయలుగా చీలిన నీడ మళ్లీ ఒక్కటైంది. గుట్ట నెత్తి మీదుగా నెల్లూరు వైపు తాడు లాగినట్టు తిన్నగా నిలిచింది.

"అలాగే ఉంచండి! ఎవరూ కదలకండి! ఎవ్వరూ!"

అన్ని ఊళ్లలో, అన్ని మేడల మీద, చట్రాలు పట్టుకున్న మనుషులు బొమ్మల్లా నిలబడిపోయారు. ఉత్తరాన చుక్కల గుంపు ఒకటి కనిపించింది. దగ్గరకొచ్చేకొద్దీ రెక్కలయింది. గుట్ట అంచుకి రాగానే ముందున్న పావురం కొంచెం తడబడి, ఒక చుట్టు తిరిగింది. వెనకవి కూడా దానితో తిరిగాయి. పెంచలయ్య కళ్లు మూసుకున్నాడు. రెండో చుట్టు సగంలో ఆ ముందరి పావురం ఒక పక్కకి ఒరిగి, ఆ నీడ మీదికి వచ్చి, రెక్కలు బిగించి దూసుకుపోయింది. మిగతావన్నీ దాని వెంటే. వాళ్ల తలల మీదుగా గాలిని కోసుకుంటూ, ఒక్కటీ చీలకుండా వెళ్లిపోయాయి.

హైమవతి అరిచిన అరుపు ఫోను లేకుండానే కింద మామిడితోట దాకా వినిపించిందట. తర్వాత ఊరూరా ఈలలు, కేకలు. పెంచలయ్య రాతి మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ మధ్యాహ్నం నెల్లూరులో, ఆసుపత్రి మేడ మీద నసీమా, హైమవతి మొదటిసారి కలుసుకున్నారు. కౌగిలించుకున్నారు. ఉలవపాడు దగ్గర ఒకదాన్ని డేగ ఎత్తుకుపోయింది. అది తప్ప అన్ని పావురాలూ వాటి వాటి గూళ్లకి చేరాయి. మస్తాన్ వలీ పావురాలు గింజలు తిని, నీళ్లు తాగి, ఇనపజాలీ వెనక గుసగుసలాడుతున్నాయి. గెలిచింది వాటిలోది కాదు, గూడూరు వాళ్లది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు.

"చెన్నై వాళ్లకి కుదరదని చెప్పేశా" అంది నసీమా. "వచ్చే ఏడాది ఉత్తరపు పందేలు మళ్లీ మొదలుపెడతారంట. తగాదాలొస్తే తీర్పు చెప్పడానికి ఎవరో ఒకరు కావాలి కదా అన్నారు. నేనుంటానన్నా. నాకేం తెలుసని ఒప్పుకున్నానో!"

"తెలియంది అడుగు. మూడు వేలమంది ఉన్నారు చెప్పడానికి."

నసీమా కంగారుగా ఆమె కళ్లలోకి చూసింది. "ఇంకా కనపడుతోందా మేడమ్, ఆ దారి?"

"పలచబడింది. ఇంకాసేపే ఉంటుంది."

నసీమా మరి ఆలోచించలేదు. గూళ్ల వరస పొడుగునా నడుస్తూ ఒక్కొక్క తలుపూ బార్లా తీసేసింది. పావురాలు ముందు గడప మీదికొచ్చి, మెడలు అటూ ఇటూ తిప్పి, ఒక్క ఊపున లేచాయి. పక్క మేడల మీద జనం ఈలలేశారు. గుంపు నెల్లూరు మీద పెద్ద చుట్టు తిరిగింది. ఆకాశంలో మిగిలిన ఆ పలచటి చారను దాటిన ప్రతిసారీ అన్నీ కలిసి ఒక్కసారిగా ఒరగడం హైమవతికి కనిపించింది. అక్కడున్న వాళ్లందరిలో ఆమె ఒక్కదానికే కనిపించింది.

"చెప్పండి మేడమ్, ఏం చేస్తున్నాయి?" అని నసీమా ఆమె చెయ్యి గుంజింది.

హైమవతి చెప్పడం మొదలుపెట్టింది. నసీమా ఫోను తీసి ఆ మాటల్ని గ్రూపుకి పంపుతూనే ఉంది, పావురాలు దిగేవరకూ.